గోలెం వెనక దాచిన ఆకు

"ఏం పెడ్తరు టీచరమ్మా ఇందుల?" అని సాయిలు అడిగితే అతని మీద కసురుకున్నాను. సాయిలు మేస్త్రి. కామారెడ్డిలో మా ఇంటి పెరట్లో, నిమ్మచెట్టుకూ ప్రహరీగోడకూ మధ్య, సామాను పెట్టుకోవడానికి ఒక షెడ్డు కడుతున్నాడు. కింద ఆరంగుళాల మందం కాంక్రీటు బెడ్డు పోయాలనీ, అందులో జానెడుకొక రాడ్డు రావాలనీ, గోడలు తొమ్మిదంగుళాలవి ఉండాలనీ నేను చెబుతుంటే, అతను చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "గింత మందం బెడ్డెందుకు? లారీ నిలవెడ్తరా ఏంది దీని మీద?" అన్నాడు. "నీకెందుకయ్యా, చెప్పినట్టు కట్టరాదూ!" అని లోపలికి వచ్చేశాను. వచ్చి టీ పెట్టుకుని, గిన్నె మాడబెట్టుకున్నాను. బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ, పిల్లలు అడిగినదానికి జవాబు తెలియనప్పుడే నేను అలా అరిచేదాన్ని. రిటైరయినా ఆ బుద్ధి పోలేదు.

నిజానికి అందులో పెట్టడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పోయినేడు మా అవ్వ చనిపోయింది. మా ఇళ్ళల్లో కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. చివరి ఆరేళ్ళూ ఆమె నా దగ్గరే, ఈ ఇంట్లోనే ఉంది. ఆమె వదిలిపోయినవి ఒక చాట, ఒక కత్తెర, బీడీ ఆకును కత్తిరించేటప్పుడు కొలతకు పెట్టుకునే చిన్న ఇనుప రేకు, ఒక రేకుపెట్టె, రెండు గోనెసంచులు. "వీటికి అల్మారాలో ఒక అర చాలు గదా" అన్నాడు మా ఆయన. సరేనని అల్మారాలోనే పెట్టాను. తలుపు తీసినప్పుడల్లా ఇస్త్రీ బట్టల మధ్య నుంచి పొగాకు వాసన వచ్చేది. ఒకరోజు ఆ వాసనకి తలుపు పట్టుకుని నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. మర్నాడే షెడ్డు కట్టించాలని పట్టుపట్టాను. అరవై దాటాక నాకు మొండితనం ఎక్కువైందని మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. అది పుట్టుకతోనే ఉందని ఆయనకూ తెలుసు, నాతో గొడవెందుకని అనడు.

సాయిలు కొలతలు అడిగినప్పుడు నా నోటికి వచ్చిన మాట, "మా బాపు కట్టినట్టు" అని. బాపు అంటే మా నాన్న. ఆ కొలతల కోసమే మా పుట్టింటి ఊరు ఎల్లారెడ్డి పోయి వచ్చాను. అక్కడి మా మట్టిగోడల ఇల్లు వానలకు నాని నాని ఎప్పుడో కూలిపోయింది. దాని వెనక బాపు కట్టిన షెడ్డు మాత్రం ఒక్క రేకు కూడా కదలకుండా నిలబడి ఉంది. దాన్ని ఎరువుల దుకాణం అతనికి కిరాయికి ఇచ్చాం. యూరియా బస్తాల సందుల్లో నేను టేపు పట్టుకుని తిప్పలు పడుతుంటే పాపం అతనే వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. ఒక మూలకు చెక్క పరిచి ఉంది. "గీడ బెడ్డు లేదమ్మా, మట్టే ఉన్నది. ఎప్పుడో పగిలినట్టున్నది. బస్తాలకు చెమ్మ పడ్తదని చెక్కేసిన" అన్నాడు. పగల్లేదయ్యా, మా బాపే పగలగొట్టాడు అని చెప్పబోయి ఊరుకున్నాను. తలుపు వెనక మేకుకు చుట్టలాగా చుట్టిన ప్లాస్టిక్ గొట్టం వేలాడుతోంది. మేస్త్రీలు నీళ్ళు నింపి మట్టం చూసుకునే లెవల్ పైపు. ఒకప్పుడు తళతళలాడేది, ఇప్పుడు పాత గోరులా పసుపెక్కిపోయింది. "నేనచ్చినప్పటి సంది గక్కడ్నే ఉన్నది, ఎవలిదో ఎరికలేదు" అన్నాడతను. నాదేనని చెప్పి సంచిలో వేసుకున్నాను. బస్సు లింగంపేట దాటేదాకా ఆ సంచి మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

ఆ షెడ్డు కట్టిన ఎండాకాలం నేను నాలుగో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్నాను. బాపు దుబాయిలో ఉండేవాడు. ఇంట్లో అవ్వ, నేను, బాపు తల్లి అయిన మా బాపమ్మ. అవ్వ బీడీలు చుట్టేది. కంపెనీ వాళ్ళు ఇచ్చిన తునికాకు కట్టల్ని సాయంత్రం పూట విప్పి, వాకిట్లో పరిచి, చెంబుతో నీళ్ళు చల్లి, తడి గోనెలో చుట్టి ఒక మూలకు పెట్టేది. తెల్లారేసరికి ఆకు పాతచీర గుడ్డలాగా మెత్తబడి వేలి చుట్టూ వంగాలి. ఆకు ఎండితే కత్తెర పడగానే పటపటమని పగిలిపోతుంది. అటువంటి ఆకుతో చుట్టిన బీడీని కంపెనీ మనిషి చేతిలోకి తీసుకుని, ఒక్కసారి తిప్పి చూసి, పక్కకు పడేస్తాడు. అందుకని మా ఇంట్లో అన్నం మాడినా అవ్వ ఏమీ అనేది కాదు గాని, ఆకు ఎండితే మాత్రం ఆ పూట ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె చేతులకి, కొంగుకి, నా తల దువ్వితే నా జుట్టుకి కూడా పొగాకు వాసన, తడి ఆకు వాసన. బడిలో పక్క పిల్ల ముక్కు మూసుకుంటే నేను దాని పలక పగలగొట్టాను. అప్పుడు సిగ్గుపడిన ఆ వాసన కోసమే ఇప్పుడు అల్మారా తెరిచి నిలబడుతున్నాను.

బాపమ్మది ఇంకో తీరు. ఆమెకు టేపులు, స్కేళ్ళు నచ్చవు. గుడ్డ కొన్నా, మంచం అల్లించినా, చివరికి నా ఎత్తయినా మోచేతితో మూరలు వేసి కొలిచేది. మూర వేసిన ప్రతిసారీ పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుని, మధ్యలో ఎవరైనా పలకరిస్తే తిట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది. అవ్వకి ఆమె అంటే భయం లేదు గాని మర్యాద ఉండేది. అత్త ముందర మొగుడితో నేరుగా మాట్లాడకూడదని అవ్వ పట్టింపు. ఎవరు పెట్టారో ఆ పట్టింపు, దాన్ని తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మూడేళ్ళకు ఇంటికొచ్చిన మనిషి వాకిట్లో కూర్చుని ఉంటే, అవ్వ నా వైపు తిరిగి, "మీ బాపును తానం చెయ్యమను" అనేది. బాపు నా వైపు తిరిగి, "సుగుణా, నీళ్ళు కాగినయా అని అడుగు" అనేవాడు. ఇద్దరి మధ్య దూరం నాలుగడుగులు. నేను తలుపు దగ్గర నిలబడి అటొక మాట ఇటొక మాట మోసేదాన్ని.

ఆ ఎండాకాలం వచ్చినప్పుడు బాపు పెట్టె దించీ దించకముందే చెప్పాడు, "ఇగ పోనే అవ్వా. ఈడనే ఉంట" అని. బాపమ్మతో అన్న మాటే గాని, లోపల పొయ్యి దగ్గర అవ్వ చేతిలో గరిటె ఆగిపోవడం నేను చూశాను. దుబాయిలో బాపు చేసింది కాంక్రీటు పని. రాడ్లు కట్టడం, బెడ్లు పోయడం, వాటికి నీళ్ళు పట్టడం. ఆ పని ఇక్కడ చేస్తానన్నాడు. ఎల్లారెడ్డిలో సగం ఇళ్ళల్లో ఆడవాళ్ళు బీడీలే చేస్తారు. అందరివీ మట్టి ఇళ్ళే. వానాకాలం వస్తే ఆకుకు బూజు, పొగాకుకు చెమ్మ, బియ్యానికి పురుగు. అందుకని ప్రతి ఇంటి వెనకా గట్టి కాంక్రీటు బెడ్డు మీద ఒక షెడ్డు కట్టిస్తే ఎవరైనా వద్దంటారా అని బాపు లెక్క. ముందు మన ఇంట్లో కట్టి చూపిస్తా, చూసినవాళ్ళు వాళ్ళే అడుగుతారు, ఒకటి తర్వాత ఒకటి పని దొరుకుతది, మళ్ళీ విమానం ఎక్కే అవసరం లేదు అన్నాడు. ఆ షెడ్డు నిలబడితే బాపు ఇంట్లో ఉంటాడు. ఆ వయసులో నాకు అర్థమైంది అంతే, అదొక్కటే చాలా బాగా అర్థమైంది.

సిమెంటు, రాడ్లు కామారెడ్డి గంజు బజారు నుంచి బస్సు మీద వేసుకుని తెచ్చాడు. ఇంటి వెనక జాగా మోకాలి లోతు తవ్వి, మొరం నింపి, నీళ్ళు చల్లి దిమ్మిసతో కొట్టాడు. బాపమ్మ నాలుగు వైపులా మూరలు వేసి, "ఒక దిక్కు తక్కువున్నది" అంది. బాపు టేపు చూపించి సమంగానే ఉందన్నాడు. "నీ టేపు దుబాయిది, నా చెయ్యి ఈ ఊరిది" అని ఆమె లేచిపోయింది. ఇక మట్టం చూడాలి. నాలుగు మూలలా గుంజలు పాతి, లెవల్ పైపులో నీళ్ళు నింపాడు. ఒక కొస తను ఒక గుంజ దగ్గర పట్టుకుంటే, రెండో కొస ఇంకొకరు ఎదురుగా ఉన్న గుంజ దగ్గర పట్టుకోవాలి. రెండు కొసల్లో నీళ్ళు ఎక్కడ నిలిస్తే అక్కడ గీత పెట్టాలి. ముందు నన్నే పట్టుకోమన్నాడు. నేను నీళ్ళు ఒలికిపోతాయని భయపడి బొటనవేలితో కొస మూసేశాను. మూస్తే నీళ్ళు కదలవు. ఎంతసేపటికీ మట్టం కుదరక బాపుకు చెమటలు పట్టాయి. సంగతి తెలిసి, "సాలు తల్లీ నీ సాయం. మీ అవ్వను రమ్మను" అన్నాడు.

అవ్వ చేతులు తుడుచుకుంటూ వచ్చి పైపు పట్టుకుంది. బాపమ్మ అరుగు మీదే ఉంది. మట్టం చూసేటప్పుడు మాత్రం నన్ను మధ్యలో పెట్టి మాట్లాడటం కుదరదు. నీళ్ళు నిలిచిన క్షణానే చెప్పాలి. "నిలిచినయా?" అని బాపు ఆ చివర నుంచి అడిగాడు. "ఊగుతున్నయి" అంది అవ్వ. "చెయ్యి వణుకుతుంది నీది. ఊపిరి బిగవట్టు, నిలుస్తయి" అన్నాడు. అవ్వ పైపులో నీళ్ళ వైపే చూస్తూ, "బిగవట్టుకునే ఉన్న. మూడేండ్లాయె" అంది. అరుగు మీద బాపమ్మ ఉన్నట్టుండి లేచి, ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయింది. చాలాసేపటికి అవ్వ మెల్లగా, "నిలిచినయి" అంది. బాపు గుంజ మీద పెట్టిన గీత వంకరపోయింది. బొటనవేలితో తుడిచి మళ్ళీ గీశాడు. ఆ పూట నాలుగు మూలల మట్టానికి వాళ్ళిద్దరూ ఎన్నిసార్లు చూశారో నాకు తెలియదు. సరిపోయిన మూలను కూడా మళ్ళీ చూశారని మాత్రం తెలుసు.

మర్నాడు రాడ్లు కట్టే ముందు బాపు మొరం మీద ప్లాస్టిక్ కవర్లు పరిచాడు. ఎరువు బస్తాల లోపలుండే కవర్లన్నీ పోగుచేసి, కోసి, ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరిచాడు. దుబాయిలో అలాగే చేస్తారట. "భూమిల నుంచి చెమ్మ ఒక్క సుక్క పైకి రాది. చూస్కోరి" అని వచ్చినవాళ్ళందరికీ మురిపెంగా చెప్పాడు. అవ్వ గుమ్మంలో నిలబడి ఆ కవర్లను చూసింది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, బాపు మొహం చూసి, కొంగు నోట్లో పెట్టుకుని లోపలికి పోయింది. నలభై ఏళ్ళ తర్వాత గాని ఆమె ఏం అనబోయిందో నాకు చెప్పలేదు. ఆకుకు కావలసిందే ఆ చెమ్మ. మట్టినేల కింద నుంచి ఇచ్చే చల్లదనంతోనే అవ్వ ఆకు మెత్తగా ఉండేది. దాన్నే రాకుండా చెయ్యడానికి బాపు మోకాళ్ళ మీద పాకుతూ కవర్లు పరుస్తున్నాడు.

ఒక్క రోజులో కాంక్రీటు పోశారు. తెల్లారి బాపు బెడ్డు అంచుల వెంట మట్టితో గట్లు కట్టి, మధ్యలో అడ్డంగా నిలువుగా గట్లు పెట్టి, నీళ్ళు నింపాడు. అచ్చం పొలం మడులు. బాపమ్మ చూసి చేతులు తిప్పుతూ, "ఇంటెనక వరినాటేస్తున్నవారా కొడుకా?" అని నవ్వింది. ఇరవై రోజులు ఆ నీళ్ళు ఎండకుండా చూడాలని బాపు. పొద్దున్నే అతను, నేను, అవ్వ బావి నుంచి బిందెలు మోసేవాళ్ళం. చేతిలో బిందె ఉంటే మర్యాదలు గుర్తుండవు కాబోలు, ఆ రోజుల్లో అవ్వ నేరుగా బాపుతో మాట్లాడటం అలవాటు చేసుకుంది. "గా మూలకు తక్కువున్నయి సూడు" అనేది. "నీ కాళ్ళకు పడ్డయి సూస్కో" అని బాపు నీళ్ళు చిలకరించేవాడు. మధ్యాహ్నం ఎండకు ఊరంతా నిప్పుల కొలిమిలా ఉంటే మా ఇంటి వెనక మాత్రం చల్లగా ఉండేది. ముగ్గురం ఆ గట్టు మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళల్లో పెట్టుకుని, జొన్నరొట్టె, పచ్చిపులుసు తినేవాళ్ళం. అవ్వ ఆకు గోనెను కూడా ఆ మడి ఒడ్డునే పెట్టేది. తెల్లారేసరికి ఆకు ఎంత మెత్తగా ఉండేదంటే, అవ్వ నాలుగు వేళ్ళ మధ్య తిప్పి బాపుకు చూపించేది. "చెప్పిన గదా!" అనేవాడు బాపు. అది బెడ్డు గొప్ప కాదు, నీళ్ళ గొప్ప అని మాకెవరికీ తట్టలేదు. తట్టినా అవ్వ మరచిపోవాలనుకుందేమో. నా బతుకులో ఏ రోజులు మళ్ళీ ఇస్తామని ఎవరైనా అడిగితే, పెళ్ళి రోజులూ వద్దు, కొత్త ఉద్యోగం రోజులూ వద్దు, ఆ మడి గట్టు మీద కూర్చున్న రోజులు అడుగుతాను.

తర్వాత గోడలు లేచాయి, పైన సిమెంటు రేకులు పడ్డాయి. గాలిదుమారం వచ్చినా లేవకుండా ప్రతి రేకునూ ఇనుప కొక్కేలతో బిగించాడు. షెడ్డు చూడటానికి వాడకట్టంతా వచ్చింది. బాపు తలుపు వేసి తీసి, గోడ మీద గుద్ది చూపించేవాడు. గోడలు ఆరినాక అవ్వ తడి గోనెలో ఆకు చుట్టి లోపల పెట్టింది. తెల్లారి విప్పితే ఆకు అప్పడంలా ఉంది. కింద చెమ్మ లేదు, పైన రేకుల వేడి. అవ్వ గోనె మీద ఇంకొన్ని నీళ్ళు పోసి చూసింది, కిటికీకి తడిగుడ్డ కట్టి చూసింది. ఏం చేసినా ఆకు పగిలింది. మూడో రోజు నన్ను వంటింట్లోకి పిలిచి, నీళ్ళ గోలెం వెనక మట్టినేల మీద ఆకు పెట్టింది. ఆ గోలెం పెద్ద కుండ, దాని వెనక ఎప్పుడూ తడి ఉంటుంది. షెడ్డులో మాత్రం చెత్త ఆకు చుట్టిన గోనె పెట్టింది. "బిడ్డా, మీ బాపుకు చెప్పకు. దినాం పొద్దుగాల గా గోనె తెచ్చినట్టు తేవాలె, సాయంత్రం పెట్టినట్టు పెట్టాలె. తెలిసిందా?" అంది. ఎందుకని అడిగితే నా రెండు చెంపలూ పట్టుకుని, "మంచిగ లేదని తెలిస్తే మళ్ళ పోతడు" అంది.

నేను ఒట్టేశాను. నా సంగతి తెలిసి కూడా అవ్వ నన్ను ఎలా నమ్మిందో. బాపమ్మ నా గురించి ఊరందరికీ చెప్పేది, "దీని నోట్ల నువ్వుగింజ నానది" అని. అయినా వారం రోజులు నోరు మూసుకున్నాను. పొద్దున్నే చెత్త ఆకు గోనె ఎత్తుకుని బాపు ముందు నుంచి నడుస్తుంటే, బాపు నా వైపు, గోనె వైపు చూసి నవ్వేవాడు. నేను తల వంచుకుని గబగబా దాటిపోయేదాన్ని.

ఎనిమిదో రోజు పక్కింటి పోశవ్వ వచ్చింది. ఆమె మొగుడు లేడు, బీడీల మీదే ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. చెవుల కమ్మలు కుదువబెట్టి అయినా సరే తనకూ అలాంటి షెడ్డు కట్టించుకుంటానంది. బాపుకు దొరికిన మొదటి పని. వాకిట్లో మంచం వాల్చి, కాగితం మీద గీతలు గీసి చూపిస్తున్నాడు. "సుగుణ అవ్వ ఆకు సూడు, పువ్వులెక్క ఉంటది" అన్నాడు. పోశవ్వ అవ్వ వైపు తిరిగి, "అవునా అక్కా? మంచిగుంటదా ఆకు?" అని అడిగింది. అవ్వ చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. అవునని అనలేకపోయింది, కాదని అనలేకపోయింది. పోశవ్వ పిల్లల్లో చిన్నది ఆమె ఒళ్ళోంచి నన్నే చూస్తోంది. నాకు ఏం పుట్టిందో, ఒక్కసారిగా అరిచాను. "మంచిగుండది! ఆకంత పగుల్తది! మా అవ్వ గోలెం ఎన్క పెడ్తున్నది!"

బాపు లేచి వంటింట్లోకి పోయాడు. గోలెం వెనక వంగి గోనె విప్పిన చప్పుడు వినపడింది. బయటికి వచ్చాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "పిల్ల అన్నది నిజమే పోశవ్వా. నువ్వు కట్టుకోకు" అని చెప్పి బజారుకు పోయాడు.

మర్నాడు పొద్దున సుత్తె చప్పుడుకు మెలకువ వచ్చింది. బాపు షెడ్డులో మూలకు కూర్చుని, తను పోసిన బెడ్డును తనే ఉలితో పగలగొడుతున్నాడు. అది ఎంత గట్టిదంటే ఉలి మొన రెండుసార్లు మొద్దుబారింది. రాడ్లు రంపంతో కోశాడు. కింద కవర్లు చింపి పారేశాడు. అవ్వ పరుగెత్తి వచ్చి, అత్త అక్కడే ఉందని కూడా చూడకుండా, "ఎందుకయ్యా మంచిగున్నదాన్ని ఖరాబు చేస్తవు? నేను గోలెం ఎన్క పెట్టుకుంట గదా!" అని అతని చెయ్యి పట్టుకుంది. బాపు ఆమె చెయ్యి మెల్లగా తీసి, "నీ కోసం కట్టిన. నీ ఆకు నిలవకపోతే నేను ఎవలకు కట్టినట్టు?" అన్నాడు. మధ్యాహ్నానికి ఆ మూల నల్లటి మట్టి బయటపడింది. బాపమ్మ వచ్చి, రెండు మూరలు ఇటు, రెండు మూరలు అటు వేసి, "మట్టసంగున్నది" అంది. కొడుకును ఆమె మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. ఆ మట్టి మూలలో ఆకు నిజంగానే పువ్వులా ఉండేది. అవ్వ బీడీలు మానేసేదాకా అక్కడే పెట్టింది. మట్టి మూల సంగతి తెలిసి పోశవ్వ అప్పుడే వచ్చి చూసింది. "మట్టి మూల మా ఇంట్ల ఉండనే ఉన్నది గదా అన్నా, దానికి షెడ్డెందుకు?" అంది. ఆమె తప్పేమీ లేదు. ఇంకెవరూ కట్టమని అడగలేదు. మొదటి వాన పడిన వారానికి బాపు మళ్ళీ దుబాయి పోయాడు. పోయే రోజు షెడ్డు తలుపు వెనక మేకుకు లెవల్ పైపును తగిలించి, "మళ్ళ పనికొస్తది, తియ్యకు" అని నాతో చెప్పాడు.

ఆ తర్వాత బాపు రెండేళ్ళకోసారి నెల రోజులు వచ్చిపోయే మనిషి. పూర్తిగా తిరిగి వచ్చేసరికి అవ్వ వేళ్ళు వంకర్లు తిరిగి బీడీలు మానేసింది, నాకు పెళ్ళయి కామారెడ్డి వచ్చేశాను. ఆకు లేకపోయినా బాపు రోజూ సాయంత్రం చెంబుతో నీళ్ళు తీసుకుని ఆ మట్టి మూల తడిపేవాడని అవ్వ చెప్పేది. బాపు ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. నేను మాత్రం ఆ ఎండాకాలం నుంచి ఒక రాయి మింగినదానిలా ఉన్నాను. నేను నోరు పారేసుకోకపోతే బాపు ఉండేవాడు కదా అని. పెద్దయ్యాక ఆలోచిస్తే, పోశవ్వ కమ్మలు పోయి, ఆకు పగిలి, బాపు పేరు చెడేదని తెలుసు. తెలిసినా రాయి కరగలేదు.

అవ్వ ఇక్కడ నా దగ్గర ఉన్నప్పుడు, ఒక సాయంత్రం ఆమె తలకు నూనె పెడుతూ అడిగేశాను. "అవ్వా, బాపు నా వల్లనే పోయిండా?" అని. అంతసేపూ కళ్ళు మూసుకుని ఉన్న మనిషి కళ్ళు తెరిచింది. "నువ్వు మంచిపనే చేసినవు బిడ్డా. నేను చెప్పలేకపోయిన, నువ్వు చెప్పినవు. లేకుంటే ఆ పోశవ్వ ఉసురు తలుగుతుండె మాకు" అంది. నూనె చేతితోనే కళ్ళు తుడుచుకున్నాను. అవ్వ చాలాసేపు నిమ్మచెట్టు వైపు చూసింది. తర్వాత నాతో కాకుండా తనతో తనే అనుకున్నట్టు, "కాని ఇంకో పది దినాలు ఆగి చెప్తే ఏమయితుండె" అంది. ఆ మాటలో కోపం లేదు. జడ అల్లడం పూర్తి చేశాను.

సాయిలు పోయిన వారం మట్టం చూస్తుంటే ఎల్లారెడ్డి పైపు తెచ్చి ఇచ్చాను. మట్టం చూడటానికి గోడ మీద పచ్చటి లేజరు గీత వేసే మిషన్ ఉంది అతని దగ్గర. నా మాట కాదనలేక, నవ్వుకుంటూ పైపులో నీళ్ళు పోశాడు. మూడు చోట్ల బొటబొటా కారింది. "పగిలిపోయింది టీచరమ్మా, నీళ్ళాగయి" అన్నాడు. తీసి మళ్ళీ చుట్టేశాను. ఒక మూల మట్టి వదిలిపెట్టమందామని కూడా అనుకున్నాను, మళ్ళీ వద్దనుకున్నాను. నాకు ఆకు లేదు, ఆకు చుట్టే మనిషి లేదు. మొత్తం పోయించాను. తెల్లారి సాయిలు బెడ్డు చుట్టూ ఇసుకతో గట్లు కట్టి నీళ్ళు నింపితే, ఆ రోజు నుంచి నేను రొట్టె అక్కడికే తెచ్చుకుని తింటున్నాను. మా ఆయన రెండు రోజులు వింతగా చూసి, మూడో రోజు తన పళ్ళెం కూడా తెచ్చుకుని, ప్యాంటు మడిచి నా పక్కన కూర్చున్నాడు.

నిన్న సాయిలు వచ్చి బెడ్డు మీద బొటనవేలితో నొక్కి, ఇటుకతో కొట్టి చూశాడు. "మంచిగ పట్టుకున్నది టీచరమ్మా. ఇగ నీళ్ళతోని పనిలేదు. గట్లు తీసేసి ఎల్లుండి గోడలు మొదలువెడ్త" అన్నాడు. చేతిలో పార ఉంది. గట్టు మీద ఒక దెబ్బ పడితే నీళ్ళన్నీ నిమ్మచెట్టు పాదులోకి పోతాయి. నేను కాళ్ళు నీళ్ళల్లోనే ఉంచి, "ఇంకో పది దినాలు ఉండనియ్యి సాయిలూ" అన్నాను. "ఎందుకు టీచరమ్మా? పని ఖాళీగ ఆగుతది" అన్నాడు.

"ఉండనియ్యి బిడ్డా" అన్నాను. ఈసారి కసరలేదు. సాయిలు నా మొహం చూసి, పార గోడకు ఆనించి, పోయి మడిలోకి నల్లా తిప్పాడు.